అలవాటవుతుందని రాశాను

మీలో కొందరు ఈ మధ్య ఉత్తరాలు రాశారు. ఎవరైనా తీసుకుని వాడుకోగలిగే మంచి సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్‌లో ఎలా వెతికేవారు, దొరికినదాన్ని నలుగురికీ ఎలా చేరవేసేవారు, దానికోసం పెట్టిన వెబ్ పేజీని అన్నేళ్లు ఎలా నడిపారు అని అడిగారు. పద్ధతి రాసిపెట్టమన్నారు. మాకున్న పద్ధతి చిన్నది. దాన్ని నేను ఒకసారి తప్పాను. ఆ ఒక్కసారి సంగతి రాస్తే మిగిలింది మీకే తెలుస్తుందని ఇది రాస్తున్నాను.

నేను అమలాపురంలో ఒక ప్రభుత్వ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాణ్ణి. పేజీ పని నేనొక్కణ్ణే చెయ్యలేదు. మా కాలేజీ లైబ్రేరియన్ గారు నాతో కలిసి చేశారు. నిజానికి నేనే ఆవిడతో కలిసి చేశాను. ఆవిడది రాజోలు వైపు. వాళ్ల నాయనమ్మ కూలిపనికి వెళ్తూ పిల్లల్ని మిషన్ బడిలో చదివించిందట. ఆ తర్వాత ఆ ఇంట్లో అందరూ టీచర్లు, నర్సులు. ఆవిడ పూర్తిగా చదవకుండా దేని గురించీ మాట్లాడేవారు కాదు. ఆవిడ పోయి రెండేళ్లు దాటింది. ఇది ఆవిడ రాయవలసింది. నాకంటే తక్కువ మాటల్లో రాసేవారు.

శనివారం మధ్యాహ్నం కాలేజీ వదిలేశాక లైబ్రరీలో ఇద్దరం కూర్చునేవాళ్లం. వారానికి ఒక సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులో రాసి పేజీలో పెట్టేవాళ్లం. దాన్ని ఏమని పిలవాలన్నది మొదటి వారం వచ్చిన చిక్కు.

"ఉచితం అనొద్దు మాస్టారూ," అన్నారు ఆవిడ. "ఉచితం అంటే సంచీ పట్టుకొచ్చేవాళ్లు కొందరు, ఇందులో ఏదో మెలికుందని అసలు రానివాళ్లు కొందరు."

"స్వేచ్ఛ అందామాండీ?"

"స్వేచ్ఛ అంటే మనం సభ పెట్టేమనుకుంటారు."

చివరికి 'అందరి సాఫ్ట్‌వేర్' అని పెట్టాం. ఎవరైనా తీసుకోవచ్చు, లోపల ఎలా ఉందో తెరిచి చూడవచ్చు, బాగాలేకపోతే దిద్దుకోవచ్చు, దిద్దినదాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఈ నాలుగూ ఆ ఒక్క మాటలో ఉన్నాయని ఆవిడ అనేవారు. వీటిలో మొదటిది మాత్రమే నాకు అనుభవంలో ఉంది. మిగిలిన మూడూ పరీక్షకి చదువుకున్నట్టు తెలుసు.

వెతకడంలో కష్టం ఏమిటంటే, పేరు కొట్టగానే అసలు పేజీ కంటే ముందు అలాంటివే నాలుగు వస్తాయి. ప్రతిదానిలోనూ పెద్ద పచ్చ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కినవాడి కంప్యూటర్ వైరస్ పట్టి మా ల్యాబ్‌కి వచ్చేది. అందుకని ఆవిడ అసలు చిరునామాలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. సాఫ్ట్‌వేర్ మంచిదో కాదో తేల్చడానికి కూడా ఆవిడది వేరే దారి. దాన్ని తయారుచేసినవాళ్లు, వాడేవాళ్లు మాట్లాడుకునే చోటికి వెళ్లి పాత ప్రశ్నలు, జవాబులు చదివేవారు. కొత్తగా వచ్చి తెలివితక్కువ ప్రశ్న వేసినవాడికి ఎలా జవాబిచ్చారో చూసేవారు. విసుక్కున్న చోటు మాకు వద్దు అనేవారు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఇంకొకటి. పేజీలో పెట్టే ప్రతి సాఫ్ట్‌వేర్ కింద, దాన్ని కనీసం నెల రోజులు తన పనికి వాడిన మనిషి పేరు ఉండాలి. మనం చూశాం, బాగుంది అంటే చాలదు. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కింద సఖినేటిపల్లి రేవు దగ్గర స్టూడియో ఆయన పేరు ఉండేది. ఆయన నెల రోజులూ వాడి, రెండు ఫిర్యాదులు చెప్పి, ఆ తర్వాతే పేరు వేసుకోనిచ్చారు. ఆ ఫిర్యాదులు కూడా పేజీలో పెట్టాం.

ఆవిడ వైద్య పరీక్షల కోసమని మొదటిసారి హైదరాబాదు వెళ్లి మూడు వారాలు ఉండిపోయారు. ఏ పరీక్షలో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ మూడు వారాలూ పేజీ నా చేతిలో ఉంది. ఎప్పుడూ చూసేవాళ్లు ఫోన్లు చేసి కొత్తది ఎప్పుడని అడుగుతున్నారు. అలా అడగడం నాకు బాగానే ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. రెండో శనివారం, తెర మీద అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి కనపడింది. చూపులేనివారి కోసం తయారైంది. ఇలాంటివే కొనాలంటే మామూలు మనిషికి అందే ధర కాదు. ఇది అందరిదీ. తెలుగు కూడా చదువుతుందట. నేను చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇరవై నిమిషాలు విన్నాను, అదీ ఎక్కువగా ఇంగ్లీషే. తెలుగు నాలుగు వాక్యాలు నేను టైపు చేసినవే. బాగా చదివింది. గొంతు మాత్రం రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది.

ఆ గొంతు గురించి ఇంగ్లీషులో ఎవరో రాసుకున్నది చూసి ఇలా రాశాను: 'మొదట్లో ఇది చదివేది అర్థం కాదు. కంగారు పడకండి. రోజూ ఒక గంట వింటే రెండు మూడు వారాల్లో అలవాటవుతుంది.'

కింద నా పేరు వేసుకున్నాను.

లైబ్రేరియన్ గారు తిరిగి వచ్చాక చూసి, "నెల రోజులు మీరు వాడేరా?" అని అడిగారు. చూపున్న నేను ఎలా వాడతానండీ అన్నాను. "అయితే వాడినవాళ్లని వెతకండి," అన్నారు. సరేనన్నాను. వెతకలేదు.

ఒక నెల తర్వాత ఫోన్ వచ్చింది. కొత్తపేట దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. ఉద్యోగం కాంట్రాక్టు మీద, ఏటేటా పొడిగించాలి. చూపు కొన్నేళ్లుగా తగ్గుతూ వచ్చి, ఇప్పుడు వెలుగో చీకటో తెలుస్తుందంతే. తొమ్మిదేళ్లుగా పాఠాలు చెబుతున్నారు. ఇంతకాలం వాళ్ల వదిన గారు చదివిపెడితే విని చెప్పుకొచ్చారు. ఈసారి కాలేజీ కమిటీవారు కొత్త షరతు పెట్టారు: పాఠం నోట్సు, సర్క్యులర్లు ఎవరికి వారే కంప్యూటర్లో చదువుకోవాలి, ఇంకొకరి సాయం ఉండకూడదు. శుక్రవారం, అంటే అప్పటికి పదిరోజుల్లో, కమిటీ వచ్చి కళ్లారా చూసి, పొడిగించాలో లేదో తేలుస్తుంది.

"మీ పేజీ మా వదిన చదివి వినిపించేరండీ. అందులో చెప్పినట్టే పెట్టించుకున్నాం. రోజూ వింటున్నానండీ," అన్నారు.

"మీ కాలేజీ ఫైళ్లు తెరిచి చూసుకున్నారా అమ్మా?"

"ఆయ్, తెరిచేనండీ."

"తెలుగు వినిపిస్తోందా?"

"ఆయ్, వినిపిస్తోందండీ."

"ఇబ్బందేమీ లేదు కదా?"

"లేదండీ. ఇంకా కొంచెం అలవాటవ్వాలండి."

నేను సంతోషపడ్డాను. నెల రోజులు వాడిన మనిషి దొరికింది, పేరు మార్చేయవచ్చు అనుకున్నాను. ఆ సంగతి లైబ్రేరియన్ గారితో చెప్పాను.  మూడోరోజు, "ఆయ్ అన్నారా?" అని అడిగారు.

"అన్నారండీ."

"మాస్టారూ, మనూళ్లో మాట వింటున్నామని చెప్పడానికి కూడా ఆయ్ అనే అంటాం. ఎదుటివాళ్లు బాధపడకూడదని కూడా అంటాం. ఒకసారి వెళ్లి చూద్దాం."

సోమవారం సెలవు పెట్టి బస్సెక్కాం. కొత్తపేటలో దిగి ఆటోలో పలివెల వెళ్లాం. అక్కడ అన్నగారింట్లో ఉంటారావిడ. వరి, కొబ్బరి ఉన్న ఇల్లు. అన్నగారు కొబ్బరికాయల దింపు తీయించడానికి తోటకి వెళ్లారు. వదిన గారు కొబ్బరిబొండాలు ఇచ్చి, మేము అడగకముందే అందుకున్నారు.

"ఇల్లంతా ఆ మిషను గొంతేనండీ. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మా చిన్నదైతే నిద్దట్లో కూడా స్లాష్ స్లాష్ అంటందండీ. ఈవిడేమో అలవాటవుద్ది ఒదినా, అలవాటవుద్ది ఒదినా అంటారు. నాకైతే చెవులు అలిసిపోయేయండి."

నేను బొండాం కింద పెట్టేశాను. పేజీలో నేను రాసింది గంట.

లైబ్రేరియన్ గారు, "మీరు రోజూ వినేది ఒకసారి మాకూ వినిపించండమ్మా," అన్నారు.

లెక్చరర్ గారు కంప్యూటర్ ముందు కూర్చుని, తడుముకోకుండా ఫైలు తెరిచారు. తెర మీద పాఠం చక్కని తెలుగులో ఉంది. నేను చదవగలను. గొంతు మొదలుపెట్టింది. క్యాపిటల్ కె, స్లాష్, బ్రాకెట్, ఏదో కూత, స్లాష్, క్యాపిటల్ ఎం. ఒక్క తెలుగు మాట లేదు. నేను తెర వైపు చూస్తున్నాను, చెవిలో ఇది పడుతోంది. ఆవిడ తలవంచి శ్రద్ధగా వింటున్నారు. గుళ్లో మంత్రం అర్థం కాకపోయినా తప్పు మనదే అన్నట్టు వింటామే, అలా.

"ఇది తెలుగు కాదు," అన్నారు లైబ్రేరియన్ గారు.

సంగతి ఇది. మన ఊళ్లలో డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పాత ఫాంట్లతో టైపు చేసేవారున్నారు. చూడ్డానికి తెలుగు. కంప్యూటర్ లోపల మాత్రం అది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. వాటికి తెలుగు బొమ్మలు తగిలించి ఉంటాయంతే. తలకట్టు ఒక గుర్తు, గుడి ఒక గుర్తు, కొమ్ము ఒకటి, కింద ఒత్తు ఇంకొకటి. కళ్లున్నవాడు బొమ్మ చూస్తాడు. చదివే సాఫ్ట్‌వేర్ బొమ్మ చూడదు, లోపలున్నదే చదువుతుంది. ఆ కాలేజీ ఫైళ్లన్నీ కొత్తపేటలో ఒకే షాపులో అలా తయారైనవి. కళ్లున్నవాళ్లం ఎవరం పట్టుకోగలిగే తప్పు కాదు. నేను ఫోన్లో ఇంకోలా అడిగి ఉంటే ఆవిడ పట్టించి ఉండేవారు.

నేను చెప్పడం పూర్తయ్యాక లెక్చరర్ గారు కీబోర్డు మీంచి చేతులు తీసి నా వైపు తిరిగారు.

"అయితే నా చెవి తప్పు కాదాండీ?"

"కాదమ్మా."

"పెద్దవారు రాసేరు కదాండీ అలవాటవుద్దని. నాకే అవడం లేదనుకున్నాను."

"నేను ఫోన్లో అడిగినప్పుడు చెప్పాల్సిందమ్మా," అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ తలచుకుంటే బాగుండదు.

"మీరు వినిపిస్తోందా అనడిగేరండీ. వినిపిస్తోందనే చెప్పేను." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది.

వదిన గారు తలుపు దగ్గర్నుంచి, "నాలుగు రోజులుందండీ ఇంక," అన్నారు. ఆ నాలుగు రోజులూ అక్కడున్న నలుగురి బుర్రల్లోనూ తిరుగుతున్నాయి, పైకి అన్నది ఆవిడే.

పాత ఫాంట్లలో ఉన్నదాన్ని అసలైన తెలుగు అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ కూడా అందరిది ఒకటి ఉంది. అది మా నోటుబుక్కులో ఉందని లైబ్రేరియన్ గారికి గుర్తుంది. అక్కడే దించుకుని పెట్టాం. ఫైలు ఇచ్చాం. సగం మాటలు తెలుగయ్యాయి, సగం ఇంకా పాడయ్యాయి. ఆ షాపాయన దగ్గరున్నది ఎవరో మార్చిన ఫాంటు. దాని అమరిక వేరు. షాపుకి ఫోన్ చేశాను. అమరిక పట్టిక ఉంటే ఇవ్వండి అన్నాను.

"ఆయ్, చూసి పంపిస్తానండి," అన్నారాయన.

లైబ్రేరియన్ గారు నా ముఖం చూసి, "అది రాదు," అన్నారు. రాలేదు.

ఏ గుర్తు ఏ అక్షరమో ఒక్కొక్కటీ మేమే పోల్చుకోవాలి. రెండు వందల దాకా ఉంటాయి. నాలుగు రోజుల్లో, ఉద్యోగాలు చేసుకుంటూ, కాదనిపించింది నాకు. కమిటీని వాయిదా అడుగుదాం అన్నాను. వాయిదా అడిగితే చేతకాదని రాసుకుంటారండీ అన్నారు వదిన గారు. అప్పుడు లెక్చరర్ గారు నెమ్మదిగా అన్నారు.

"కొన్ని నాకు తెలుసండీ."

"ఏం తెలుసమ్మా?"

"ఈ పాఠం తొమ్మిదేళ్లుగా చెబుతున్నాను. మొదటి పేజీ నోటికొచ్చు. అక్కడేముండాలో నాకు తెలుసు కదాండీ. ఒక్కో అక్షరం మీద ఆపుకుని అదేం కూస్తుందో విని, జతపెట్టుకున్నాను. క్యాపిటల్ కె పక్కన స్లాష్ వస్తే 'రా' అండి. అలా ఒక అరవై దాకా తెలుసు. ఇదే అలవాటవడం అనుకున్నాను."

 నేను రాసిన ఒక బుద్ధిలేని వాక్యాన్ని నమ్మి, ఆవిడ ఒక ఫాంటు అమరికను చెవితో విప్పారు. లైబ్రేరియన్ గారు సంచీలోంచి కాగితం తీసి, "చెప్పండమ్మా, రాసుకుంటాను," అన్నారు.

మంగళ, బుధ, గురువారాలు లైబ్రేరియన్ గారు సెలవు పెట్టి పలివెలలోనే ఉన్నారు. ఆవిడకి అప్పటికే ఒంట్లో బాగాలేదని నాకు తర్వాత తెలిసింది. ఒకరు విని చెప్పడం, ఒకరు తెర చూసి రాయడం. రోజంతా అదే. నేను సాయంత్రం కాలేజీ నుంచి వెళ్లి, వాళ్లు రాసిన పట్టికను ఆ మార్చే సాఫ్ట్‌వేర్ లోపల, ఎలాగో లెక్చరర్ గారికి చెబుతూ, చేర్చేవాణ్ణి. లోపల తెరిచి చూడనివ్వని సాఫ్ట్‌వేర్ అయితే అక్కడితో అయిపోయేది. పరీక్షకి చదువుకున్న మూడు సంగతులు ఆ మూడు రోజుల్లో నాకు అనుభవంలోకి వచ్చాయి.

గురువారం సాయంత్రానికి పాఠం మొత్తం వినిపించింది. తెలుగులో. లెక్చరర్ గారు మొదటి వాక్యం రెండుసార్లు పెట్టుకుని విన్నారు. "గొంతు మాత్రం బాలేదండీ," అన్నారు. అది ఆ సాఫ్ట్‌వేర్ మీద నాకు వచ్చిన మొదటి నిజమైన ఫిర్యాదు.

శుక్రవారం పదింటికి రావలసిన కమిటీ పన్నెండింటికి వచ్చింది. ముగ్గురు. అధ్యక్షులవారికి అల్లవరం వైపు రొయ్యల చెరువులున్నాయి. ఒకాయన కాలేజీ కార్యదర్శి, ఫైలు ఆయన చేతిలో ఉంది. మూడో ఆయన రిటైరైన హెడ్మాస్టరు. లైబ్రేరియన్ గారు, నేను గోడవార కుర్చీల్లో కూర్చున్నాం.  ఒకసారి కరెంటు వెళ్లి వచ్చింది. కంప్యూటర్ మళ్లీ లేచేవరకూ అధ్యక్షులవారు ఫోన్లో మేత గురించి మాట్లాడుకున్నారు.

కార్యదర్శి గారు పెన్‌డ్రైవ్ ఇచ్చారు. ఆవిడకి తెలిసిన పాఠం కాదు, నిన్న టైపు చేయించిన కొత్త సర్క్యులర్. అదీ ఆ షాపులోనే. లెక్చరర్ గారు మార్చుకుని వినడం మొదలుపెట్టారు. గొంతు మొదటి పేరా సాఫీగా చదివింది. హెడ్మాస్టరు గారు కాగితం పెట్టుకుని వేలితో పోల్చుకుంటున్నారు. రెండో పేరాలో 'రాష్ట్ర' అన్న మాట దగ్గర గొంతు తడబడి ఏదో కూసింది.

"ఏటండీ, ఆగింది?" అన్నారు అధ్యక్షులవారు.

ఆ మాట ఏమిటో లెక్చరర్ గారికి తెలిసే ఉంటుంది. చెప్పేసి ముందుకి వెళ్లిపోతే ఎవరికీ తెలియదు. వెళ్లిపోండి, వెళ్లిపోండి అని నేను లోపల అనుకుంటున్నాను.

"ఒకదాని కింద రెండొత్తులు వచ్చిన చోట ఇంకా కుదరలేదండి," అన్నారు ఆవిడ. "మాట రాష్ట్ర అనుకుంటున్నాను. ఆ ఒత్తు పట్టికలో లేదు. సాయంత్రం చేరుస్తాను."

మిగతాది చదివింది. హెడ్మాస్టరు గారు, "సరిపోయిందండీ, ఆ ఒక్కటే," అన్నారు. అంతలో అధ్యక్షులవారు నా వైపు తిరిగారు.

"ఏవండీ మాస్టారూ. ఇది కంపెనీ సరుకు కాదంటున్నారు. మా చెరువులో నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్ ఆగిపోతే కంపెనీవోడికి ఫోన్ చేస్తాను, వస్తాడు. రేప్పొద్దున్న ఇది ఆగిపోయి, మేడమ్ గారికి పాఠం లేకపోతే, ఎవర్ని పిలవాలండీ మేం?"

కార్యదర్శి గారు ఫైలు తెరిచి ఒక గడి మీద పెన్ను పెట్టారు. "సరఫరాదారు, బాధ్యులు అని ఉందండీ ఇక్కడ. ఈ గడి ఖాళీగా ఉంటే మేం పొడిగింపు రాయలేం. ఎవరి పేరు రాయమంటారు?"

నా రిటైర్‌మెంట్‌కి అప్పటికి ఆరు నెలలుంది. ప్రభుత్వోద్యోగి ఒక ప్రైవేటు కాలేజీకి సరఫరాదారు అని సంతకం పెడితే ఏమవుతుందో నేను చాలామంది విషయంలో చూశాను. పెన్షన్ కాగితాలు నా కళ్ల ముందు తిరిగాయి. నా పేరు మీద సిఫారసు చేసింది నేను. అలవాటవుతుందని రాసింది నేను. నోరు మెదపలేదు.  పక్కన లైబ్రేరియన్ గారు లేవడానికి కుర్చీ చేతి మీద చెయ్యి వేశారు. ఆవిడదీ ప్రభుత్వోద్యోగమే.

ఆవిడ లేవకముందే, "నేనండీ," అన్నారు లెక్చరర్ గారు.

"మీరేంటమ్మా?"

"బాధ్యులండీ. పట్టికలో సగం నేను తయారుచేసిందే. మార్చడం ఎలాగో మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. తప్పొస్తే నేనే దిద్దుతాను. నా పేరు రాయండి."

హెడ్మాస్టరు గారు నవ్వారు. "బావుంది. మన మేడమ్ గారే కంపెనీ అన్నమాట."

"మరి మీరు సెలవెడితేనో?" అన్నారు అధ్యక్షులవారు. వదిలిపెట్టే మనిషి కాదు.

"పట్టిక ఇంటర్నెట్‌లో పెడతామండీ. ఎవరైనా తెరిచి దిద్దుకోవచ్చు. మీ ఏరేటర్ అలా విప్పనిస్తారాండీ కంపెనీవోళ్లు?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, "విప్పితే గ్యారంటీ పోద్దంటారండీ," అన్నారు. తర్వాత కార్యదర్శి గారితో, "రాయండి," అన్నారు.

పొడిగింపు ఒక ఏడాదికి వచ్చింది. ఆ తర్వాత ఏటేటా వస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను లైబ్రేరియన్ గారితో, నేను మాట్లాడాల్సింది అన్నాను. "మాట్లాడాల్సింది," అన్నారు ఆవిడ. ఓదార్చలేదు. కాసేపయ్యాక, "ముందు ఆ వాక్యం తీసెయ్యండి," అన్నారు.

ఇల్లు చేరగానే తీసేశాను. అప్పటికి అది ఏడు వారాలుగా పేజీలో ఉంది. దాన్ని చదివి, ఇలాంటి ఫైళ్లే పెట్టుకుని, అలవాటవడం లేదని మానేసినవాళ్లు ఇద్దరు ఉన్నట్టు వెతికితే తెలిసింది. ఇద్దరికీ ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఒకరు మళ్లీ మొదలుపెట్టారు. ఇంకెందరున్నారో నాకు తెలియదు. ఫోన్ చెయ్యకుండా, ఎవరికీ చెప్పకుండా, తమ చెవే మంచిది కాదనుకుని ఊరుకున్నవాళ్లు. ఇన్నేళ్లయినా అప్పుడప్పుడు ఆ లెక్క తెలియని సంగతి గుర్తొచ్చి చేస్తున్న పని ఆపేస్తాను. మీరు ఏదైనా మంచిదని నలుగురికీ చెప్పేటప్పుడు ఈ భయం కొంచెం ఉంచుకోండి. పనిచేస్తోందా అని అడగకండి. ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పమనండి. మర్యాద తెలిసిన మనుషుల దగ్గర మరీ ముఖ్యం.

కొన్ని నెలల తర్వాత ఆ కాలేజీ ఆఫీసు నుంచి లెక్చరర్ గారి ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. 'సరఫరాదారు గారికి' అని మొదలుపెట్టి, మరో రెండు కంప్యూటర్లకు కూడా కావాలి, కొటేషన్ పంపవలసినది అని రాశారు. ఆవిడ స్టాఫ్ రూము నుంచి ఆ ఆఫీసు గదికి ఇరవై అడుగులు ఉండదు. అయినా పద్ధతి ప్రకారం జవాబు తానే టైపు చేసి పోస్టులో పంపారు: ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు, తప్పులు దొరికితే తెలియజేయవలసినది. ఆ కాపీ నాకు ఇచ్చారు. లైబ్రేరియన్ గారికి చూపిస్తే హాస్పిటల్ మంచం మీద చదివి నవ్వారు. 'తెలియజేయవలసినది' దగ్గర అక్షరదోషం లేదని కూడా చూసుకున్నారు.

సాఫ్ట్‌వేర్ కింద నా పేరు తీసి లెక్చరర్ గారి పేరు పెట్టాం. కొన్నాళ్లకి తెలంగాణ నుంచి ఎవరో చూపులేని ఉపాధ్యాయుడు రాశారు. మా పట్టికలో 'ఱ' ఉండాల్సిన చోట 'ఖ' పడుతోందని, తను వినే పాత పుస్తకంలో అది పదేపదే వస్తోందని. లెక్చరర్ గారు ఒక పూటలో దిద్ది పంపారు. నేను పేజీలో పెట్టాను. పెట్టే ముందు ప్రతి దిద్దుబాటూ లైబ్రేరియన్ గారికి చదివి వినిపించడం మాకు వాడుక. ఆవిడకు వినిపించకుండా పెట్టిన మొదటిది అది.